వకుళ రాయని ఉత్తరం

నేను ఒక నవలను. ఏలూరులోని ఓ చిన్న అచ్చుకూటంలో పుట్టాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా నాలో ఉన్నవన్నీ ఉత్తరాలే: ఒక అమ్మాయి, ఆమెను కోరుకున్న ఇద్దరు మగవాళ్లు, వాళ్ల వేడుకోళ్లు, శాపనార్థాలు. చివరికి ఒకడు రెండోవాణ్ణి చంపేస్తాడు. అందుకే కాబోలు, నరసాపురం పఠనమందిరంలో నన్నెవరూ ముట్టుకునేవారు కాదు.

వకుళకు కావలసిందీ అదే. ఆమె ఆడపిల్లల బడిలో పంతులమ్మ. సర్వేశం రేవులో, జనాన్ని గోదావరి దాటించే పంటుకు టిక్కెట్లిచ్చే గుమాస్తా. వకుళను మేనమామ కొడుకు కోదండానికి ఇవ్వాలని ఇంట్లో ఏనాడో అనుకున్నారు. అందుకే వకుళా సర్వేశమూ నా పేజీల మధ్య ఉత్తరాలు పెట్టుకునేవారు, చదివి మళ్లీ నాలోనే దాచేవారు. నాలో అచ్చయిన ప్రేమలేఖల కంటే అవే బాగుండేవి. వాటిలో కొట్టివేతలుండేవి. ఒకసారి చేపల పులుసు మరక కూడా ఉంది.

ఒక గురువారం సాయంత్రం, వకుళ వెళ్లగానే, చాటు నుంచి ఆమెను కనిపెడుతున్న కోదండం నన్ను తీశాడు. అన్నీ చదివాడు. అతని బొటనవేలి చెమటకు నా పేజీ తడిసింది. చించేస్తాడనుకున్నాను. చించలేదు. ఎలా ఉన్నవి అలాగే సర్ది పెట్టాడు. అప్పుడే నాకు భయం మొదలైంది.

మర్నాడు తలుపులు తీయగానే వచ్చి కొత్త ఉత్తరం ఒకటి పెట్టిపోయాడు. దస్తూరీ అచ్చం వకుళదే. చిన్నప్పుడు పలక మీద ఆమె చేత అక్షరాలు దిద్దించింది అతని చెయ్యే మరి. "ఈ మధ్యాహ్నం పాతరేవు మెట్ల దగ్గరికి ఒక్కడివే రా. ఎవరికీ చెప్పకు."

సర్వేశం వచ్చి చదివి, ఎప్పటిలాగే నాలో దాచి, ముఖమంతా వెలిగిపోతూ కదిలాడు. నాలో లక్ష అక్షరాలున్నాయి. 'వెళ్లకు' అనడానికి మూడు చాలు. ఒక్కటీ పలకలేకపోయాను.

మధ్యాహ్నం బడి వదిలాక వకుళ వచ్చింది. తాను రాయని ఉత్తరాన్ని తన దస్తూరీలో చూసి కొయ్యబారిపోయింది. ఆ వెంటనే నన్ను చంకలో పెట్టుకునే పరుగెత్తింది. ఆమె గుండె నా అట్టకు దడదడా కొట్టుకుంది.

పాతరేవులో పడవలు ఆగడం మానేసి చాలా ఏళ్లయింది. సర్వేశం మొలలోతు నీళ్లలో వెనక్కి వెనక్కి అడుగేస్తున్నాడు. కనుబొమ చిట్లి రక్తం కారుతోంది. ఎదురుగా కోదండం, చేతిలో తెడ్డు.

వకుళ నీళ్లలోకి దిగి ఇద్దరి మధ్యా నిలబడింది.

"కొట్టు బావా. ముందు నన్ను కొట్టు."

"ఇదంతా నీకోసమే కదే!"

"నాకోసం, నాకే తెలీకుండా, నా పేరున ఉత్తరం రాసేవా?"

తెడ్డు పైకి లేచింది. గాలిలో అలాగే ఆగిపోయింది. చివరికి నీళ్లలో పడింది. కోదండం వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వాళ్లు గోదావరి దాటి అవతలి ఒడ్డున పెళ్లి చేసుకున్నారు. తడిసి ఉబ్బిన అట్టతో నేనూ వెళ్లాను, భయమూ మాతో వచ్చింది. మూడేళ్లపాటు గుమ్మం ముందు ఏ అడుగు చప్పుడైనా వకుళ ముందు గడియ వేసేది, తర్వాతే ఎవరని అడిగేది.

ఒక ఉదయం సర్వేశం పనికి వెళ్లాక కోదండమే వచ్చాడు. గడియ వేసే వ్యవధి లేకపోయింది. నన్ను గుండెకు అదుముకుని వకుళ గోడకు ఆనుకుంది.

అతను గుమ్మం దాటలేదు. "మీ అమ్మకి ఒంట్లో బాగోలేదే. నిన్ను చూడాలంటోంది."

వకుళ అతని ఖాళీ చేతుల వంక చూసింది.

"నీకు నాలుగు ముక్కలు రాసి పంపమంది నన్ను," అన్నాడతను తలదించుకుని. "నేను రాస్తే నువ్వు నమ్మవుగా. అందుకే వచ్చేను."

వకుళ అతని ముఖంలోకి చూసింది. తర్వాత నన్ను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.