ఫాదరు బొటనేలు

ఆదివారం తెల్లారగానే రాయప్ప ఫాదరు సమాధిలోంచి లేచి, సెప్పుల్లో ఇసక దులుపుకుని సర్చి తలుపు తీసీవోడు. గున్నయ్య గంట కొట్టీవోడు. జనం ఒచ్చి సాపల మీద కూకునీవోళ్లు, ఆడోళ్లొక పక్క, మగోళ్లొక పక్క. జలంత్రకోట దాటాక కొబ్బరితోటల్లో ఉన్న ఆ సర్చిలో వారం వారం ఇదే పని.

ఫాదరు సచ్చిపోయి అప్పటికి శానా కాలమైపోనాది. పెద్ద తుఫానొచ్చిన మరుసటేడు, ఉద్దానపోళ్లందరికీ పోయినట్టే ఆయనకీ కిడ్నీలు పోనాయి. ఏడ్సి, పాతిపెట్టీసి, ఇంక పూజ ఎవరు సేత్తారర్రా అని తలలు పట్టుకుని కూకుంటే, తరవాతి ఆదివారానికి ఆయనే ఒచ్చీసినాడు. పైన బిషప్పుగారికి కబురెడితే, "మా దగ్గర పంపడానికి మనిషి నేడు, ఒచ్చినంతకాలం రానియ్యండి" అన్నారు. జనానికి ఇంకా మంచిదే. బతికున్న ఫాదరైతే బదిలీ అయిపోతాడు. ఈయనకి బదిలీ ఏటి?

ఒక్కటే ఇబ్బంది. మనిషి రాలిపోతన్నాడు. ఒక ఆదివారం సెవి, ఇంకో ఆదివారం సిటికినేలు. సర్చి ఊడిసే నారాయణమ్మ ఏరి, కొంగుతో తుడిసి, "ఫాదరా, ఇది మీదే" అని ఇచ్చీది. "దేవుడు దీవించునమ్మా" అని ఆయన జేబులో ఏసుకునీవోడు.

పెసంగం మటుకు మారీది కాదు. "ఒక్కడ్నివ్వండర్రా. ఒక్క గుంటడ్ని ఫాదరు సదువుకి సెమినరీకి పంపండి. నానింకా ఎన్నాళ్లని లేవను?" అందరూ తలూపీవోళ్లు. "పక్కింటోళ్ల గుంటడైతే బాగుంటాడు ఫాదరా" అని ఒకలు. "మావోడికి ఇంగిలీసు రాదు" అని ఇంకొకలు. పోనీ ఆడపిల్లని సిస్టర్ల మఠానికి పంపండమ్మా అంటే, "ఓలమ్మ, దానికి బావ ఉన్నాడు" అనీవోళ్లు.

జోజికి పద్దెనిమిదేళ్లు. కొబ్బరిసెట్లెక్కి కాయలు దింపుతాడు. నోరు పెద్దది. ఓపాలి అందరి ముందరా లేచి అనీసినాడు.

"ఫాదరా, సచ్చినా మీకు సెలవు దొరకనేదు. అలాటి ఉద్యోగం నాకెందుకు?"

సర్చంతా నవ్వినాది. ఫాదరు కూడా నవ్వినాడు. నవ్వితే పన్నొకటి రాలిపోనాది.

జోజికి చెన్నపట్నం ఎల్లిపోవాలని. అప్పలసూరి మేస్త్రి జనాన్ని లారీలో పలాస టేసను దాకా తీసుకెల్తాడు. అక్కణ్నుంచి రైలు, దిగితే మేడల పని. ఎల్లడానికి అడ్డం అమ్మొకతే. సింహాచలమ్మకి మొకం ఉబ్బిపోయి, కాళ్లు ఉబ్బిపోయి మంచానికే అంటుకుపోనాది. టెక్కలి తీసుకెల్తే విశాపట్నం అన్నారు. విశాపట్నం తీసుకెల్తే ఇంటికన్నారు.

"ఆకరి నూనె రాయించరా" అన్నాది ఆమె. ఫాదరు సేతి నూనె నుదుటి మీద పడకండా సావనంటాది. ఊపిరాడదు, నీలు దిగవు, నొప్పికి దుప్పటి కొరుకుతాది, అయినా పోదు. రాయప్ప ఫాదరు ఆదివారం గానీ లేవడు, పక్కూరి సర్చి ఫాదరుకి కబురెడితే ఆయనా మంచం మీదే ఉన్నాడంట.

"నన్ను సూసుకుంటా ఉండిపోమని కాదురా. అది రాయించీసి ఎల్లిపో" అన్నాది అమ్మ.

జోజి సమాధి కాడికి లగెత్తినాడు. ఆదివారం కాదు, అయినా పిలిసినాడు. ఇసక కదిలినాది. ఫాదరు లేచి, విషయం విని, కుడిసెయ్యి సూపించినాడు. ఏళ్లన్నీ రాలిపోయి బొటనేలొక్కటే మిగిలినాది. అదీ ఊగుతన్నాది.

ఇంటికొచ్చి నూనెలో ముంచబోతే అదీ ఊడి జోజి అరసేతిలో పడిపోనాది. సల్లగా, సుద్దముక్కలాగ.

"ఇప్పుడేటి సెయ్యాల ఫాదరా?"

"నువ్వు పట్టుకుని రాయి. మాటలు నాను సెప్తాను."

"నాను రాత్తే సెల్లుతాదేటి?"

"నువ్వు రాత్తే సెల్లదు. ఏలు నాది కదరా."

జోజి రాసినాడు. నుదుటి మీద సిలువ, రెండు అరసేతుల్లో సిలువలు. సింహాచలమ్మ కళ్లు తెరిసి ఫాదర్ని సూడనేదు, కొడుకునే సూసినాది. "బాగా రాసినావు" అన్నాది. అంతే, ఊపిరి ఒదిలీసినాది.

ఏలు తిరిగిచ్చీడానికి జోజి ఎనక్కి తిరిగితే ఫాదరు నేడు. పిడికిలి ఇప్పితే ఏలూ నేదు. తన బొటనేలే ముసిలిదైపోనాది. ముడతలు, పగిలిన గోరు, సల్లదనం, అన్నీ ఫాదరువే.

ఆ ఆదివారం ఫాదరు రానేదు. జనం పొద్దెక్కిందాకా కూకుని, సాపలు సుట్టీసి ఎల్లిపోనారు.

మర్నాడు కంచిలి రోడ్డు మీద లారీ ఆగినాది. జోజి సంచీ పైకి ఇసిరి సెయ్యందించినాడు. అప్పలసూరి పట్టుకుని లాగబోయి ఆగిపోనాడు. బొటనేలు తడిమినాడు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతోడి నుదుటికీ ఆ ఏలు తెలుసు. జ్ఞానస్నానం రోజు సిలువేసింది అదే, ఏటేటా విభూది బుధవారం బూడిద రాసిందీ అదే.

"ఇది నీది కాదు కదరా."

"కాదు బావా."

"అయితే ఎక్కకు."

"ఉండి ఏటి సేత్తాను? అమ్మ పోనాది. ఇంక నాకెవలున్నారిక్కడ?"

"మేం నేమేట్రా ఎర్రోడా? నువ్వెల్లి మేడ పరంజీ మీంచి పడి సత్తే, రేపు మాకు నూనె ఎవుడు రాత్తాడు?"

 లారీలో సగం మందికి పాదాలు అప్పుడే ఉబ్బి, సెప్పులు పక్కన పెట్టీసి కూకున్నారు.

"ఫాదరవ్వాలంటే పదేళ్లు సదవాలి బావా" అన్నాడు జోజి. "ఉద్దానంలో పదేళ్లు ఎవుడాగుతాడు?"

అప్పలసూరి ఎనక్కి తిరిగి అందర్నీ సూసినాడు. ఒక్కొక్కడే తలూపినాడు. ఈసారి పక్కింటోడి పేరు ఎవుడూ ఎత్తనేదు.

"ఆగుతాం" అన్నాడు అప్పలసూరి. "సచ్చిపోయినా ఆగుతాం. నువ్వెల్లి సదువుకో."

అనీసి, జోజి సంచీ కిందకి ఇసిరీసినాడు.