మడతపెట్టిన తలగుడ్డ

తడి టవలు మళ్ళీ మంచం మీదే ఉంది. పన్నెండేళ్ళుగా అది అక్కడే పడుంటుంది, నేను తీసి ఆరేస్తుంటాను. "నీ చేతికి అలవాటేగా," అంటాడు మా ఆయన. నిజమే, ఆసుపత్రి లాండ్రీలో రోజుకి మూడు వందల దుప్పట్లు మడతపెట్టే చేతులు. ఇంటికొచ్చి ఇంకొకటి మడతపెడితే అరిగిపోతాయా?

ఆ రోజు శనివారం, తెల్లారితే ఈస్టర్. చిన్నప్పుడు ఈస్టరంటే కొత్త గౌను, చీకట్లో కొవ్వొత్తి, అమ్మ చెయ్యి పట్టుకుని చర్చికి నడవడం. పెళ్ళయ్యాక ఈస్టరంటే వంట. తెల్లవారుజాము ఆరాధనకి ఇంటిల్లిపాదీ వెళ్తారు, నేను తప్ప. "అందరం వెళ్ళిపోతే వచ్చేసరికి పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా?" అని మొదటి ఏడే అడిగింది అత్తయ్య. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే కాదనలేకపోయాను. చీకట్లో వాళ్ళు గేటు వేసుకుని వెళ్ళే చప్పుడుకి ప్రతి ఏడూ ప్రాణం అటే లాగేది. ఉల్లిపాయలు తరుగుతుంటాను కాబట్టి ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.

అత్తయ్యకి చూపు ఆనదు. సాయంత్రాలు బట్టలు మడతపెడుతూ నేనే బైబిల్లో వాక్యం చదివి వినిపిస్తాను. ఆ రోజు ప్రభువు ఖాళీ సమాధి భాగం వచ్చింది. ఆయన వెంట ఉన్న ఆడవాళ్ళు సుగంధద్రవ్యాలు పట్టుకుని తెల్లవారుతుండగానే బయల్దేరారు. పండక్కి కాదు, ఆయన దేహానికి అవి పూసే పని మిగిలిపోతే చెయ్యడానికి. తీరా వెళ్తే సమాధికి అడ్డంపెట్టిన రాయి దొర్లించి ఉంది. లోపల నారబట్టలున్నాయి. తలకి కట్టిన గుడ్డ మాత్రం విడిగా, చక్కగా చుట్టి పెట్టి ఉంది.

చిన్నప్పటినించీ వింటున్న మాటే. అయినా మా ఆయన టవలు సగం మడతలో నా చేతిలో ఆగిపోయింది.

"ఆపేశావేం?" అంది అత్తయ్య.

"అత్తయ్యా, ప్రభువు చావుని గెలిచి లేచాడు కదా. లేచి, తన గుడ్డ తనే మడతపెట్టుకున్నాడు."

నాకు కళ్ళలో నీళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ పునరుత్థానమంటే ఎక్కడో ఆకాశంలో జరిగే పెద్ద సంగతి, నా వంటగదితో దానికేం పని అనుకున్నాను. వచ్చేది ఆడవాళ్ళని ఆయనకి తెలుసు. వాళ్ళకి పని మిగల్చలేదు. చాకిరీకి వచ్చినవాళ్ళ చేత, లోకంలో అందరికంటే ముందు, తను లేచిన కబురు చెప్పించాడు. నన్ను కూడా చూశావా తండ్రీ, అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"మళ్ళీ చదువు," అంది అత్తయ్య. చదివాను. నా చేతిలోని టవలు తడిమి, "వాడి నాన్న తువ్వాలు నలభై ఏళ్ళు ఆరేశాను," అంది.

"రేపు నేనూ వస్తానత్తయ్యా."

"సరే, వెళ్ళు. ఇంట్లో నేనుంటాలే."

"వద్దు. ఇద్దరం వెళ్దాం."

తెల్లవారుజామున నేను చెప్పులేసుకోవడం చూసి మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. "నువ్వెక్కడికి? మరి వంట?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "వచ్చాక అందరం కలిసి చేసుకుందాంరా. ముందు ఆ మంచం మీది టవలు ఆరేసి రా. మేం నడుస్తుంటాం."

బయట ఇంకా చీకటిగానే ఉంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. మేం వీధి మలుపు తిరక్కముందే, వెనక మా డాబా మీద ఎవరో తడి టవలు దులుపుతున్న చప్పుడు వినిపించింది.