స్టెంటూ, లస్మిని నోరూ

సోలో అనే ఊళ్ళో ఆ ఆదివారం గువ్వల కూత పోటీలో తుగిమన్ గువ్వే గెలిచింది. జనం ఈలలేస్తుంటే తుగిమన్ మాత్రం రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు.

"గాలి పట్టిందే. కాస్త వీపు గీకు," అన్నాడు పెళ్ళాం లస్మినితో.

ఒంట్లో ఏ నలతొచ్చినా గాలి పట్టిందనడం, నూనె రాసి నాణెంతో వీపు గీకడం అక్కడ ఇంటింటి వైద్యం. అందులో లస్మినిది అందెవేసిన చెయ్యి. కానీ ఇవాళ ఆమె నాణెం తీయలేదు.

మూడు వారాల కిందటే ఆయన గుండె నాళంలో పూడిక తీసి, మళ్ళీ మూసుకుపోకుండా స్టెంటు పెట్టారు. చిన్న లోహపు జాలీ గొట్టం. అందులో రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వేసుకోమన్నారు. మూడు రోజుల కిందట వీపు గీకితే ఎర్రగా తేలాల్సిన చారలు నల్లగా కమిలాయి. "ఈ మాత్రలు నీ రక్తం విరిచేస్తున్నాయయ్యా!" అని హడలిపోయి, లస్మినే వాటిని మాన్పించింది. ఎంత తెలివితక్కువ పని!

"గీకడం లేదు, గాడిద గుడ్డూ లేదు. పద ఆస్పత్రికి!" అని ఆయన్ని అక్కడే ఉన్న పక్కింటివాళ్ళ వ్యానులోకి ఎక్కించింది. "తప్పుకోండి నాయనా, తప్పుకోండి!" అని దారిపొడుగునా కిటికీలోంచి అరుస్తూనే ఉంది. పోటీకొచ్చిన స్నేహితులంతా మోటారు సైకిళ్ళ మీద వెంటపడ్డారు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అనడిగింది ఆస్పత్రిలో డాక్టర్ రెత్నో.

"ఒక్క పూటా మానలేదమ్మా," అన్నాడు తుగిమన్, నొప్పిలోనూ నవ్వు తెచ్చుకుని. పెళ్ళాం తప్పు నలుగురిలో పెట్టే మనిషి కాడు. అక్కడ ఏ మర్యాదస్తుడూ పెట్టడు. స్నేహితులు మెచ్చుకోలుగా తలూపారు. లస్మిని తల దించుకుంది. ఊరుకుంటే పరువు దక్కుతుంది, మరి మనిషి?

"అబద్ధం!" అని ఒక్క కేక వేసింది. "మూడు రోజులైంది మానేసి. వీపు కమిలిందని మాన్పించింది నేనే తల్లీ, నేనే!"

"అయ్యో! ఒళ్ళు కమిలితే మాకు చెప్పాలి గానీ మాత్రలాపుతారా? స్టెంటులోనే గడ్డకట్టి ఉంటుంది. పదండి, పదండి!" చక్రాల మంచం పరుగు తీసింది. వెనకే లస్మిని, చెప్పులు ఎక్కడ జారాయో కూడా తెలీకుండా పరిగెత్తింది.

గంటకి డాక్టరమ్మ తలుపు తెరుచుకుని వచ్చింది. "మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి గడ్డ లాగేశాం. రక్తం జోరుగా పారుతోంది!"

లస్మిని నడవా అదిరేలా కేకవేసి, డాక్టరమ్మని అమాంతం కావలించుకుంది. ఆనందం పట్టలేక నవ్వింది, ఏడ్చింది.

లోపల తుగిమన్ నీరసంగా కళ్ళు తెరిచాడు. "ఎంత కప్పిపుచ్చానే! నలుగురిలో నీ పరువు నువ్వే తీసుకున్నావు."

"పోతే పోయిందిలేవయ్యా," అంది లస్మిని, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని. "నువ్వు పోలేదు."