తుపాకీకి బొట్టు

సింధూజకు తుపాకీ కొనడమంటే ఎద్దును కొనడం లాంటిదే. వాళ్ళ నాయిన బుచ్చిరాములు అంగట్లో ఎద్దు పళ్ళు చూసి, నాలుగడుగులు నడిపించి, వీపు నిమిరి గానీ బేరంలోకి దిగడు. ఆ బుద్ధే కూతురికీ వచ్చింది. సరుకు ఎంత మెరిసినా ముందు అనుమానిస్తుంది, తర్వాతే ఇష్టపడుతుంది.

ఈసారి మాత్రం ఇష్టపడక తప్పేట్టు లేదు. శనివారం యూనివర్సిటీ రైఫిల్ జట్టుకు ఎంపిక పోటీ. క్లబ్బులో ఉన్న ఎయిర్ రైఫిల్‌ను ఎవరో ఆరడుగుల మనిషి కోసం చేసినట్టున్నారు, పొట్టి సింధూజ భుజానికి అది ఏనాడూ కుదరలేదు. దాంతోనే కిందటేడు జట్టులో చోటు తృటిలో తప్పిపోయింది. పీజీకి ఇదే ఆఖరి సంవత్సరం. తనకు సరిపోయే రైఫిల్ ఒక్కటి దొరికితే ఆ చోటు తనదేనని ఆమె నమ్మకం. నమ్మకం విషయంలో సింధూజ ఎప్పుడూ పిసినారితనం చూపించదు.

తార్నాకలో ప్రియాంక తన రైఫిల్ అమ్మేస్తోందని తెలియగానే మాణికేశ్వర్ నగర్ గదికి తాళం వేసి బయల్దేరింది. ప్రియాంక అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఒకప్పుడు క్లబ్బులో ఆమెకు మంచి పేరుండేది. ఉన్నట్టుండి ఎందుకో షూటింగ్ మానేసింది.

తలుపు తీసింది ప్రియాంక తల్లి అన్నపూర్ణ. ఎప్పుడో కర్నూలు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. లోపల దేవుడి పటాల ముందు, వెలుగుతున్న దీపం పక్కన, పీట మీద రైఫిల్ పడుకుని ఉంది. ఒంటినిండా పసుపు, కుంకుమ, పైన ఒక చామంతి.

"ఇంట్లోంచి పోయే వస్తువు గదా పాపా, వట్టిగా ఎట్ల పంపేది? మా ప్రియాంక పోటీకి పోయే ముందర కూడా ఇట్లనే పూజ చేసి పంపిస్తాంటి," అంటూ ఆమె కొంగుతో రైఫిల్‌ను శుభ్రంగా తుడిచి ఇచ్చింది.

"నా పుట్టినరోజుకు కూడ ఇంత మర్యాద జరగదు పెద్దమ్మా," అంది సింధూజ.

ప్రియాంక స్కూటర్ మీద ఇద్దరూ క్యాంపస్‌లోని షూటింగ్ రేంజ్‌కు వచ్చారు. సింధూజ పరీక్ష మొదలుపెట్టింది. గాలి సిలిండర్ మీద గడువు తేదీ చూసింది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి, ఎక్కడైనా పట్టేస్తోందేమో చూసింది. భుజానికి ఆనించుకుంది. టైలర్ కొలతలు తీసుకుని కుట్టిన జాకెట్టులా కుదిరింది. ఆమె గుండె ఝల్లుమంది గానీ మొహంలో కనబడనివ్వలేదు.

తర్వాత రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించింది. అప్పుడు గురి తప్పితే నెపం చేతుల మీదికి రాదు. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి చిన్న సీసపు పెల్లెట్లు కాల్చింది. ఒకటి పైకి పోయింది. ఒకటి ఎడమకు. ఇంకొకటి నల్ల చుక్క ఛాయలకే పోలేదు.

ప్రియాంక మొహం మాడిపోయింది. "నా దరిద్రం దీనికి కూడా పట్టినట్టుంది. ప్రాక్టీసులో ఇది ఎప్పుడూ ఇట్లా చెయ్యలేదు."

"మరి ఎప్పుడు చేసింది అక్కా?"

"పోటీల్లో. ప్రతి పోటీలో మొదటి షాట్లు గల్లంతు. అవి చూసి నా చేతులు వణికేవి, ఇక మిగతావీ పోయేవి. టెన్షన్ తట్టుకోలేని దానివన్నారు అందరూ. నేనూ అదే నమ్మి మానేసినా."

సింధూజ ఇసుక సంచి వైపు చూసింది. దానికేం టెన్షన్? రైఫిల్ ఖాళీ చేసి, గొట్టం మూతి దగ్గర వాసన చూసింది. గుడి వాసన. సన్నటి పుల్లతో గొట్టంలోకి ఒక దూది ముక్క దోసి బయటికి తీసింది. అది పసుపు అంటి పచ్చగా, నువ్వుల నూనెలో నాని వచ్చింది.

అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. నోరు మూసుకుంటే రైఫిల్ తనది. ఇంటికి తీసుకుపోయి తుడుచుకుంటే చాలు. చెబితే ప్రియాంక దీన్ని ఎందుకు అమ్ముతుంది? ఆ ఆలోచన వచ్చినందుకు సింధూజకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అక్కా, తప్పు నీది కాదు," అని దూది చూపించింది. "ఇది దీపం నూనె. పూజ జేసినప్పుడల్లా పెద్దమ్మ గొట్టంల పోసినట్టున్నది. నూనె ఉంటే ఒక పెల్లెట్ జోరుగ పోతది, ఒకటి మెల్లగ పోతది. నూనె పోయేదాక గంతే. పూజ పోటీ ముంగటే గదా చేసేది? అందుకే ప్రాక్టీసుల మంచిగున్నది."

సింధూజ దూది పొడిగా వచ్చేదాకా గొట్టం తుడిచి, రైఫిల్ ఆమె చేతికిచ్చింది. "నువ్వే కొట్టు."

ప్రియాంక నిలబడి కాల్చింది. పెల్లెట్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నల్ల చుక్క నడుమకే పోయాయి. రైఫిల్ బల్ల మీద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"సింధూ, దీన్ని అమ్మలేను."

"ఎర్కే," అంది సింధూజ. తల మాత్రం దించుకోలేదు. "శనివారం నువ్వు కూడ రా. పీహెచ్‌డీ వాళ్ళను కూడ తీసుకుంటరు గదా. నిన్ను ఓడగొట్టి చోటు తెచ్చుకుంట."

"దేంతో ఓడగొడతావ్?"

"ఉన్నది గదా, క్లబ్బుల ఆ దూలం."

ప్రియాంకకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "అవసరం లేదు. పొద్దుటి బ్యాచ్‌లో నువ్వు కొట్టు, తర్వాతి బ్యాచ్‌లో నేను. ఇద్దరికీ ఇదే."

అంతలో అన్నపూర్ణ ఫోన్ చేసింది. ప్రియాంక స్పీకర్ పెట్టింది.

"పాపకు నచ్చిందా?"

"నచ్చింది గానీ అమ్మడం లేదమ్మా. శనివారం ఇద్దరం పోటీకి పోతాం."

"అట్లనా తల్లీ! అయితే శుక్రవారమే పూజ చేసి నూనె..."

"బొట్టు పెట్టు, పువ్వు పెట్టు. నూనె మాత్రం దీపానికే ఉంచమ్మా."

"కుట్టు మిషన్‌కు పోస్తాం గదే. ఇది కూడా నున్నగా ఆడుతుందనే..." అన్నపూర్ణ మాట మధ్యలో ఆగిపోయింది. "అంటే అప్పుడంతా... నా వల్లనా ప్రియా?"

ప్రియాంక బల్ల మీది పచ్చటి దూది వైపు చూసింది. సింధూజ దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది.

"కాదులేమ్మా. వణికినవి నా చేతులు. ఇప్పుడు వణకడం లేదు."

సింధూజ దూదిని జేబులో వేసుకుని, ఇంకో పెల్లెట్ తీసి ప్రియాంక అరచేతిలో పెట్టింది.