బొమ్మ తయారయ్యేలోపు

నగర శివారు టకానినిలోని ఆ కొత్త ఇంట్లో ప్రణీత పనిగది గరాజును ఆనుకుని ఉంది. దానికి కిటికీ లేదు. బాబును డేకేర్‌లో దింపి వచ్చి, రోజంతా అందులోనే కూర్చుని, వెల్లింగ్టన్‌లోని ఒక డిజైన్ కంపెనీకి ఇంకా కట్టని ఇళ్ల బొమ్మలు కంప్యూటర్‌లో తయారుచేసేది. ఎండ పడే వరండాలు, గోడంత కిటికీలు.

కంప్యూటర్ పాతది. బటన్ నొక్కాక ఒక్కో బొమ్మ పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టేది. అంతదాకా దాని మీద ఇంకే పనీ సాగేది కాదు. అప్పుడు ప్రణీత చెప్పులేసుకుని రైలు పట్టాలదాకా నడిచివచ్చేది. ఆ కాసేపే ఎవరూ ఆమెను పిలిచేవారు కాదు.

ఒక శనివారం భర్త తరుణ్ చిన్న అట్టపెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

"కొత్త ప్రాసెసర్! ఇగ నువ్వు ఎదురుచూసుడు ఉండదు," అన్నాడు స్క్రూడ్రైవర్ తీస్తూ. ఎన్నో రివ్యూలు చదివి ఎంచుకున్నాడు.

"ఇప్పుడే వద్దు తరుణ్."

"ఎందుకు? పని జల్ది అయితే నీకే కదా టైమ్ మిగిలేది."

"మిగలదు. ఇంకో ఇల్లు పంపిస్తరు. ఈ కంప్యూటర్ లేట్ చేస్తేనే నేను ఈ రూమ్‌లకెళ్లి బయటపడేది."

తరుణ్ నవ్వబోయి ఆగిపోయాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేంది?"

"చెప్తే ఏం మారుతది? బాబు, ఇల్లు, జాబ్... అన్నీ ఇట్లనే ఉంటయ్ కదా."

అతను పెట్టె మూసేశాడు. సోమవారం షాపులో తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఆ పూట ప్రణీత హాయిగా అన్నం తింది.

సోమవారం పొద్దున్నే కంపెనీ మేనేజర్ జనార్ధనరావు ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి అందరూ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారాలట. పాత ప్రాసెసర్ల మీద అది నడవదట.

"మీకేం ఇబ్బంది లేదు కదమ్మా?"

"లేదండీ," అంది.

కారెక్కబోతున్న తరుణ్‌ను పరుగున వెళ్లి ఆపింది. "వాపస్ ఇయ్యకు. పెట్టెయ్."

సాయంత్రం అతను ప్రాసెసర్ బిగించాడు. లేచేముందు, "రోజూ నేనొచ్చినంక బాబును చూసుకుంట. నువ్వు పోయి నడిచి రా," అన్నాడు. ప్రణీత తలూపింది. ఒకరికి చెప్పి, టైమ్ చూసుకుని వెళ్లే నడక వేరని అతనికి ఎలా వివరించడం?

బటన్ నొక్కింది. కుర్చీలోంచి లేవకముందే తెరమీద ఇల్లు నిలబడింది, గదుల నిండా ఎండతో. వెంటనే కంపెనీ నుంచి తర్వాతి ఇంటి ఫైలు వచ్చింది.

"ఎట్లుంది?" తలుపు దగ్గర నుంచి అడిగాడు తరుణ్.

"చాలా ఫాస్ట్‌గా ఉంది," అంది ప్రణీత, వెనక్కి తిరగకుండానే ఫైలు తెరుస్తూ.