పదకొండు నిమిషాలు మిగిలిన సీరియల్

లాండ్రీలో పొద్దున్న పనికి ఒక వరస ఉండేది. ఏడింటికి లాండ్రీ నడిపే ఆయన షట్టరు ఎత్తి ఇస్త్రీపెట్టె వేడి పెట్టేవాడు. ఎనిమిదింటికి మూటలు విప్పి బట్టలకి గుర్తులు వేసేవాడు. తొమ్మిదింటికి ఆయన భార్య, అందరూ లాండ్రీ అమ్మ అని పిలిచే ఆవిడ, ఫోనులో సీరియల్ పెట్టుకుని, గడ్డం కింద స్టీలు గిన్నె పట్టుకుని ఏడవడానికి కూర్చునేది. ఆవిడ కన్నీళ్లు రెండు చుక్కలు పడితే సిరా అయినా, తుప్పయినా, ఇంజిన్ ఆయిలైనా లేచిపోవాల్సిందే. బట్టది కానిదేదీ బట్టలో మిగిలేది కాదు.

"ఇవాళ ఎన్నున్నాయండీ?"

"పదహారు చొక్కాలు. కాస్త గట్టిగానే ఏడవాలి," అనేవాడు ఆయన గిన్నె తుడిచిస్తూ.

పాపం, ఇన్నాళ్లూ ఆవిడకి పరాయి దేశాల సీరియళ్లే గతి. పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. అయినా ధారగా ఏడ్చేది. అలాంటిది, మన భాషలో మన మనుషుల కథలు, డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లోనే చూడండి అని ఒక కంపెనీ ఊరంతా బోర్డులు పెట్టింది. అందులో మొదటి సీరియల్ రాసింది ఎవరనుకున్నారు? లాండ్రీ అమ్మ ఒక్కగానొక్క కొడుకు, చిన్నోడు!

కథ కూడా ఊరికే పుట్టలేదు. ఏడాదిపాటు తల్లి పక్కన చేరి "తర్వాతేమైందమ్మా?" అని తవ్వి తవ్వి రాబట్టాడు. అదంతా ఆవిడ అక్క కథ. తండ్రి పోయాక ఆ అక్క బడి మానేసి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది. పెళ్లి ఊసే ఎత్తలేదు. ఇప్పటికీ అదే ఫ్యాక్టరీ. "మా చిన్నోడు నా కథ తీశాడర్రా," అని తనతో పనిచేసేవాళ్ల ఫోన్లన్నిటిలోనూ దగ్గరుండి డౌన్‌లోడ్ చేయించింది.

సీరియల్ వచ్చిన రోజు లాండ్రీ అమ్మ పెద్ద గిన్నె తెచ్చుకుంది. మొదటి భాగంలో ఒక బంగళా, దానికి రెండు వైపులా మెట్లు. అక్క నిద్రలేస్తూనే మెడనిండా నగలు, కంటికి జానెడు రెప్పలు. ఎవరో ఎవర్నో ఒక్క చెంపదెబ్బ కొడితే మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారు. వాన చుక్క లేదు గానీ ఉరుములకి లోటు లేదు. మూడో భాగానికల్లా అక్క కనుబొమ ఎగరేసి, చెల్లెలి పాలల్లో విషం కలుపుతోంది.

ఆయన గిన్నెలోకి తొంగిచూశాడు. "చుక్కయినా రాలేదేమే?"

"ఏడుపెక్కణ్నుంచి వస్తుంది? ఒళ్లు మండిపోతుంటే!"

మధ్యాహ్నం చిన్నోడు స్వీట్ల పెట్టెతో దిగాడు.

"అక్క నాకు ఎప్పుడు విషం పెట్టిందిరా?"

"అబ్బా, పెద్దమ్మ కథలో విలన్ లేదమ్మా. విలన్ లేకపోతే రెండో భాగం ఎవడు డౌన్‌లోడ్ చేసుకుంటాడు? మావాళ్లు ఒప్పుకోలేదు."

"నీవాళ్లెవర్రా? మేం కాదా?"

"పేర్లు మార్చాను కదమ్మా!"

"కడుపులో దాచుకున్నవన్నీ నీకు చెప్పాను చూడు, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి!" అని ఆవిడ స్వీట్ల పెట్టె వాడి చేతిలోనే కుక్కి పంపేసింది.

అక్క ఫోనెత్తలేదు. మూడు రోజులు చూసినా అంతే. ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆవిడ బట్టలు వేయడానికొచ్చి సంగతి చెప్పింది. అక్క టీ పోసిస్తే "ముందు నువ్వు తాగు" అంటున్నారట. నవ్వులాటకేనట. అక్క మాత్రం టీ పోయడం మానేసిందట.

నాలుగోరోజు ఫ్యాక్టరీకి సెలవు. లాండ్రీ అమ్మ అక్క గదికి వెళ్లింది. అక్క తన ఇంటి కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు.

"విషం సంగతి వాడికి నువ్వే చెప్పావా?"

"నీ మీద ఒట్టక్కా..."

"నా మీదెందుకు? నీ మీద వేసుకో. ఏం చెప్పావు వాడికి?"

"జరిగిందే చెప్పాను. నీకు చదువంటే పడేది కాదని, అందుకే నువ్వు మానేసి నన్ను బడికి పంపావని..."

మిషను ఆగిపోయింది. అక్క తన ఫోను తీసి, సీరియల్ పెట్టి, గిన్నెలా చెల్లెలి గడ్డం కింద పట్టుకుంది. అప్పుడొచ్చింది లాండ్రీ అమ్మకి ఏడుపు. చుక్కలు టపటపా ఫోను మీద పడ్డాయి. ముందు రెప్పలు ఊడిపోయాయి. తర్వాత నగలు, మెట్లు, ఉరుములు, విషం. వాళ్లది కానిదంతా లేచిపోయాక, పది గంటల సీరియల్లో పదకొండు నిమిషాలు మిగిలింది.

ఆ మిగిలినదాంట్లో, చిన్నోడికి ఎవరూ చెప్పనిదొకటి మరకల కిందినుంచి బయటపడింది. జుట్టులో దారప్పోగులతో పనినుంచి వచ్చిన పిల్ల ఒకతి పెరటి గోడవార కూర్చుంది. చెల్లెలి పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ చదువుతోంది. గుమ్మంలో చెల్లెలు నిలబడి చూసింది. చూసి, చూడనట్టు వెనక్కి తిరిగింది.

"చూశావా అప్పుడు?" అంది అక్క.

"చూశానక్కా. నీకూ చదవాలనుందని ఒప్పుకుంటే నేను మానాల్సొస్తుందని భయమేసింది. చదువంటే నీకు పడదని అందరికీ చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మేశాను."

లాండ్రీ అమ్మ ఫోను మోగింది. చిన్నోడు. "అమ్మా, ఎవరి ఫోనులో చూసినా పదకొండు నిమిషాలే ఉందట! ఇంకో సీరియల్ నాకివ్వరట! ఏం చేశావే?" ఆవిడ ఫోను పెట్టేసింది.

"వాడు నన్ను హంతకురాల్ని చేశాడు. నాలుగు రోజుల్లో పోయింది," అంది అక్క. "నువ్వు చదువంటే పడనిదాన్ని చేశావు. నలభై ఏళ్లు."

లాండ్రీ అమ్మ వెక్కుతూ కాళ్లు పట్టుకోబోయింది. అక్క కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఏడ్చి సరిపెట్టకు. ఏడవడం నీకు రోజూ ఉండే పనే. రేపు ఫ్యాక్టరీ వదిలాక వస్తాను, పుస్తకాలు తీసి పెట్టు. ఏడో తరగతి సగంలో ఆపాను. అక్కణ్నుంచి చెప్పు."

మర్నాడు సాయంత్రం ఆరింటికి అక్క లాండ్రీకి వచ్చింది. చెల్లెల్ని పలకరించలేదు. బల్ల మీద కొత్త నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి కూర్చుంది.