నురుగు నీళ్లు

చిన్నరాములు మాట పొదుపు మనిషి. పాశమైలారంలో ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పని. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఆ కొలువు అతనికి బాగా కుదిరిందని సొంతూరు లక్డారంలో అనుకునేవాళ్లు. అటువంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ తింటూ, "సముద్రం కాడికి పోదాం" అన్నాడు.

పెళ్లాం మొగులమ్మ చారు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఎవలు?"

"మనమే."

"ఎందుకు?"

"సూడనీకి."

"నీకు పానం మంచిగనే ఉన్నదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పానం మంచిగానే ఉంది. ఏడాదికోసారి బాయిలర్ చల్లార్చి, లోపల మసి దులిపి పరీక్ష చేస్తారు. ఆ పనికి వేరే మనుషులు వస్తారు. అతనికి నాలుగు రోజులు సెలవు. అసలు సంగతి మాత్రం అది కాదు. ఆ సంగతి అతను చెప్పలేదు.

మొగులమ్మను అతను మొదటిసారి చూసింది పెళ్లిచూపుల్లో కాదు, వాగులో. వానాకాలం. తప్పిపోయిన బర్రె అవతలి గడ్డన మేస్తుంటే ఆ పిల్ల ఓణీ నడుముకు చుట్టి ఎర్రనీళ్లలో దూకింది. అడ్డంగా ఈదిపోయి, బర్రెను నీళ్లలోకి తోలి, దాని వీపు మీద బోర్లా పడుకుని పాడుకుంటూ తిరిగి వచ్చింది. ఆ పిల్లే కావాలని చిన్నరాములు ఇంట్లో చెప్పాడు. ఆ ఏడాది మొత్తానికి అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

పెళ్లయ్యాక కూడా బట్టలుతకడానికని పోయి సగంపూట నీళ్లలోనే ఉండేది. తర్వాత కంపెనీలు వచ్చాయి. వాగు చాయ్ రంగుకు తిరిగింది. నీళ్లు పొర్లే మత్తడి దగ్గర నురుగు మోకాలెత్తున లేచి, గాలికి దూదిలాగా ఎగిరి పొలాల్లో పడేది. దిగిన బర్రెల కాళ్లు పుండ్లు పడ్డాయి. నురుగు నీళ్లలో కాలు పెట్టొద్దని ఊళ్లో పసిపిల్లలకు మాటలతో పాటే నేర్పసాగారు. మొగులమ్మ మళ్లీ నీళ్లలో దిగలేదు. దాని గురించి ఒక్క మాటా అనలేదు. కంపెనీ జీతంతోనే ఇల్లు నడుస్తుందని కాబోలు. ఆమె అనకపోవడమే అతనికి ముల్లులా ఉండేది.

ఆమె ఈదుతుంటే ఇంకొక్కసారి చూడాలి. అతనికి కావలసింది అంతే. కానీ నలభై దాటిన ఆడమనిషి నలుగురి కళ్ల ముందు నీళ్లలో దూకదు గదా. అందుకే తనతో పనిచేసే నరసాపురం వైపు మనిషి బాపిరాజు, "మా అక్క వాళ్ల ఊరి పక్కన సముద్రం ఉందిలే, అటు మనిషనేవాడు రాడు" అన్న రోజు నుంచి ఈ ఆలోచన అతని బుర్రలో తిరుగుతూ ఉంది.

స్కూటర్ పాతది. పక్కకు వంచి తంతే గానీ లేవదు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకుని తెల్లారగానే బయలుదేరారు.

"బస్సుల పోతే ఏమాయె?" అంది మొగులమ్మ.

"నువ్వు ఆపమంటే బస్సు ఆగదు."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఎక్కి కూర్చుని మాటలు మొదలుపెట్టింది. పటాన్‌చెరు దాటింది, పట్నం దాటింది, మాటలు ఆగలేదు. అతను ముందు కూర్చుని ఊ కొడుతూ నడిపాడు. సూర్యాపేటలో చాయ్ తాగడానికి ఆగారు.

"కమ్మలు ఎప్పుడు చేయిస్తవ్?"

"ఏం కమ్మలు?"

"చౌటుప్పల్ కాడ అడిగిన. ఊ అన్నవ్."

"గాలిల ఇనవడలె."

"ఇనవడకుంటే ఊ ఎందుకన్నవ్? నకిరేకల్ కాడ గూడ ఒకటి అడిగిన. దానికీ ఊ అన్నవ్. అదేందో ఇంటికి పోయినంక జెప్త తీ."

చాయ్ కొట్టువాడు నవ్వాడు. చిన్నరాములు గ్లాసులోకి చూస్తూ తాగాడు.

ఆ రాత్రి బెజవాడలో పడుకుని, పొద్దున్నే గుడివాడ మీదుగా సాగారు. భీమవరం దాటినా అదే వరస. రోడ్డుకు ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేపల చెరువులు, ఎటు చూసినా కొబ్బరిచెట్లు.

"గిన్ని నీళ్లు వెట్టుకొని గీళ్లకు నిద్రెట్ల వడ్తదో" అంది మొగులమ్మ.

ఒక రేవు దగ్గర అతను స్కూటర్ ఆపాడు. ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. ఒకాయన గేదెలను కడుగుతున్నాడు. మొగులమ్మ దిగి కాసేపు చూసింది. అందరూ పని ఆపి వాళ్లిద్దరినే చూస్తున్నారు. "నడువు నడువు" అని మళ్లీ ఎక్కేసింది.

బాపిరాజు అక్క బుల్లెమ్మ గారు వీధి అరుగు మీదే ఎదురు చూస్తోంది.

"స్కూటర్ మీదొచ్చారా? అంత దూరం నుంచి? మా తమ్ముడు పక్కూరికి బస్సెక్కాలన్నా రెండ్రోజులు ఆలోచిస్తాడండి. ముందు కాళ్లు కడుక్కోండి, భోంచేద్దురు గాని."

"ముందు సముద్రం సూసొస్తం అక్కా" అంది మొగులమ్మ.

"సముద్రం ఎక్కడికీ పోదమ్మా. చేపల పులుసు చల్లారిపోద్ది."

పులుసు గెలిచింది. చిన్నరాములు మూడుసార్లు వేయించుకున్నాడు. ఇద్దరూ బయలుదేరుతుంటే, "నడుంలోతు దాటి వెళ్లకండి" అని బుల్లెమ్మ గారు వెనక నుంచి చెప్పింది.

సరుగుడు తోటల మధ్య ఇసుక బాట. కొంత దూరం పోయాక చక్రం కూరుకుపోయింది. స్కూటర్ అక్కడే వదిలి నడిచారు. తోట అయిపోయింది, సముద్రం వచ్చింది. ఒడ్డున ఒక నావ బోర్లించి ఉంది. మనిషి జాడ లేదు. మొగులమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు పట్టుకుని చిన్నపిల్లలా ఉరికింది. చిన్నరాములు గుండె పొంగింది.

నీళ్ల అంచు దాకా పోయి ఆమె టక్కున ఆగింది. వెనక్కి వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"గీడ గూడ ఇడిసిండ్రు."

"ఏంది?"

"కంపెనీ నీళ్లు. ఆ నురుగు సూడు."

ఒడ్డు పొడుగునా తెల్లటి నురుగు వస్తోంది, పోతోంది. ఆమె అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది. "గింత నురుగంటే ఎంత పెద్ద కంపెనీ ఉండాలె."

"సముద్రం గిట్లనే ఉంటదంట."

"ఎవరు జెప్పిండ్రు?"

"బాపిరాజు."

"బాపిరాజు కంపెనీ మనిషి. కంపెనీ మనిషి నీళ్లు మంచిగనే ఉన్నయంటడు. ఇగ ఇంట్లకు పోదాం పా."

చిన్నరాములుకు ఇంత దూరం వచ్చింది దీనికేనా అనిపించింది. మాటలు వచ్చినవాడైతే వాదించేవాడు. అతను ప్యాంటు మడిచాడు. ఈత రాదు, చెరువు గట్టు మీద నడవాలన్నా భయమే. అయినా పోయి నురుగులో నిలబడ్డాడు.

"ఏమయ్యో, మతి పోయిందా? దురద వెడ్తున్నదా?"

"లేదు."

"మంట?"

"లేదు."

"జెరసేపు ఉండు. వాగుల గూడ దిగంగనే తెలుస్తలేకుండె."

నిలబడ్డాడు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే ప్రాణం జారిపోతున్నట్టే ఉంది. అయినా కదల్లేదు. కొంతసేపటికి ఆమె అతన్ని బయటికి పిలిచి, బర్రె గిట్టలు చూసినట్టు ఒక్కో కాలూ ఎత్తించి వేళ్ల సందులు చూసింది. వాసన చూసింది. చూపుడువేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు" అంది. ముఖంలో అనుమానం పోలేదు.

అప్పుడే ఒక అల వెనక్కి పోయింది. తడి ఇసుకలో చిన్న చిన్న బొక్కల్లోంచి గోరంత పీతలు బయటికి వచ్చి, నురుగులో అడ్డంగా పరుగులు తీశాయి. మొగులమ్మ వంగింది. వాగు చెడ్డప్పుడు ముందు చచ్చింది ఎండ్రికాయలే. గుంపులు గుంపులుగా తేలడం ఆమె కళ్లారా చూసింది. మెల్లగా వెనక నుంచి చెయ్యి పోనిచ్చి ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టింది. పట్టు మరిచిపోలేదు. అది కాళ్లన్నీ ఆడించి, గింజుకుని, ఆమె వేలు కరిచింది.

"బతికే ఉన్నది" అంది మొగులమ్మ. కరిచిన వేలు చూసుకుని నవ్వింది. "గట్టిగనే ఉన్నది."

పీతను వదిలేసింది. కొంగు నడుముకు చుట్టి, చీర గోచీ పెట్టి, ఒకసారి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. నురుగును తొక్కుకుంటూ నీళ్లలోకి నడిచింది. మొదటి అల ఆమెను కింద పడేసింది. లేచి ఉప్పు ఉమ్మేసింది. రెండో అల కిందుగా దూరి అవతల తేలింది. తల పైకెత్తి, చేతులు బారచాచి ఒడ్డు వెంబడే ఈదింది. వాగులో చూసిన చేతులే అవి.

చిన్నరాములు ఒడ్డున నిలబడి చూశాడు.

"రావేందయ్యా" అని కేకేసింది.

"నాకు రాదు."

"నేనున్న గదా."

నడుం లోతు దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అల ఇద్దరినీ కలిపి ఎత్తి, ఒడ్డుకు తెచ్చి పడేసింది. చిన్నరాములు నోట్లో ఉప్పు, చెవుల్లో ఇసుక. అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"నీకు నవ్వొస్తదా?" అని మొగులమ్మ అతని ముఖంలోకి వింతగా చూసి, మళ్లీ నీళ్లలోకి పోయింది.

పొద్దు వాలింది. ఆమె పెదవులు నీలం తిరిగాయి.

"ఇగ పోదాం రా" అని పిలిచాడు.

"నువ్వు పోతే పో" అంది వెల్లకిలా తేలుతూ. "నాకు జెర పనున్నది."

అతను పోలేదు. వెనక్కి జరిగి తడి ఇసుకలో కూర్చున్నాడు. నురుగు వచ్చి ఒళ్లో నిండింది, పోయింది. మళ్లీ వచ్చింది.